కష్టకాలంలో కథలు చెప్పుకునే కూడిక: ఏం అడగాలి, ఎలా నడపాలి

ప్రశ్న ఇది: వరద తీశాక ఒకే ప్రాంతంలో ఉంటున్న పాతిక మంది ఒకచోట కూర్చుని, ఎవరికి ఏం జరిగిందో చెప్పుకున్నారు. చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని, ఒకరిని చూసి ఒకరు ధైర్యం తెచ్చుకుంటారని ఆశ. రెండున్నర గంటల్లో ముగ్గురే మాట్లాడారు. ఒకావిడ మధ్యలో లేచి వెళ్లిపోయారు. రెండోసారికి సగం మంది రాలేదు. ఇక ఆపేయాలా? కొనసాగించాలంటే ఎలా నడపాలి?

ఆపక్కర్లేదు. కానీ "మీకేం జరిగింది" అన్న ప్రశ్నను పక్కన పెట్టేయండి. దాని చోట "అప్పుడు మీరేం చేశారు, ఎవరు తోడున్నారు" అని అడగండి. ఎంతమంది కూర్చోవాలి, ఎంతసేపు, ఎవరు నడపాలి అన్న మిగతా వివరాలన్నీ ఈ మార్పు నిలబడటానికి చేసే ఏర్పాట్లే.

నష్టం గురించి అడిగితే నష్టమే బయటికొస్తుంది. మొదటివాళ్లు ఇల్లు మునిగిందంటారు. రెండోవాళ్లు ఇల్లూ పోయింది, పనీ పోయిందంటారు. మూడోవాళ్లకు మనిషే పోయి ఉంటే నాలుగోవాళ్లు ఇక నోరెత్తరు, తమది చెప్పుకోదగ్గ కష్టం కాదనిపిస్తుంది. ముగ్గురే మాట్లాడారంటే మిగతావాళ్లకు బిడియమని అనుకోనక్కర్లేదు, ఇదే జరిగి ఉండొచ్చు. పైగా వింటూ కూర్చున్నవాళ్లు తమ బాధ చాలదన్నట్టు అందరి బాధా నెత్తిన వేసుకుని ఇంటికెళ్తారు. రెండోసారి రాకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

గోడు వెళ్లబోసుకుంటే బరువు దిగుతుందన్న నమ్మకం చాలా గట్టిది. దాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది భయంకరమైన సంఘటన చూశాక గుంపుగా కూర్చుని దాని గురించి మాట్లాడుకునే పద్ధతి ఒకటి 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ ప్రచురించాడు. తర్వాత దాన్నే బాధితుల మీద, అదీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఒకే ఒక్కసారి వాడటం మొదలైంది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 1997లో అచ్చయింది. అలా మాట్లాడించినవాళ్లలో 26 శాతం మందికి 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య) ఉంది. మాట్లాడించనివాళ్లలో అది 9 శాతం. మొదటి బృందంలో గాయాలు ముందునుంచే తీవ్రంగా ఉన్నాయి కాబట్టి తేడా మొత్తాన్నీ మాట్లాడించడం మీదికి నెట్టలేం. అయినా ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2002 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్ష, ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగుతుందనడానికి ఆధారం లేదనీ, బాధితులకు దాన్ని తప్పనిసరి చేయడం మానాలనీ తేల్చింది.

కాబట్టి మధ్యలో వెళ్లిపోయినావిడను వెనక్కి పిలిచి "చెప్పుకుంటే మంచిదమ్మా" అని నచ్చజెప్పకండి. ఆమెకు బాగా తెలిసిన మనిషి ఒక్కరే వెళ్లి పలకరించాలి. "ఆ రోజు మీరు లేచి వెళ్లడం మంచిపనే, అంతసేపు అలా సాగనివ్వడం మా పొరపాటు. ఈసారి పద్ధతి మారుస్తున్నాం. వస్తే మాట్లాడాల్సిన పనిలేదు, రాకపోయినా ఏమీ అనుకోం" అంటే చాలు. వస్తానంటే, ఇష్టమైతే గడియారం చూసే పని అప్పగించండి. చేతిలో పనుంటే మాట్లాడకుండా కూర్చోవడం తేలిక.

ఇక వేళ సంగతి. ఆపద జరిగిన మొదటి రోజుల్లో కథల కూడిక పెట్టకూడదు. అప్పుడు కావలసింది పడుకోవడానికి చోటు, తప్పిపోయినవాళ్ల కబురు, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందన్న నిఖార్సైన సమాచారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం చెప్పేది కూడా మూడే పనులు: చూడు, విను, కలుపు. ఎవరికి ఏం అవసరమో చూడటం, వాళ్లంతట వాళ్లు చెబితే వినడం, సాయం చేసేవాళ్లతో కలపడం. చెప్పమని ఒత్తిడి చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. స్టీవన్ హాబ్‌ఫాల్, మరికొందరు నిపుణులు 2007లో ఆపద తర్వాత మనిషికి అవసరమైన ఐదింటిని ఒకచోట రాశారు: భద్రత, స్థిమితం, తనమీదా తనవాళ్లమీదా నమ్మకం, తోడు, ఆశ. కథల వల్ల పెరిగేవి చివరి మూడు. మొదటి రెండూ లేనిచోట కథ పనిచేయదు. రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని మనిషి చేత ధైర్యం కథ చెప్పించబోతే ఒళ్లు మండుతుంది, న్యాయమే కదా. ఇంచుమించు నెల గడిచి, రోజువారీ పనులు ఒక దారిన పడ్డాక మొదలుపెట్టండి. నిద్ర, పని, పిల్లల బడి – ఈ మూడూ చాలామందికి మళ్లీ మొదలయ్యాయా లేదా అని చూస్తే వేళ అయిందో లేదో తెలిసిపోతుంది.

పాతిక మంది ఒకే గుంపుగా కూర్చుంటే అది సభ అవుతుంది. సభలో మాట్లాడటం అలవాటున్నవాళ్లే మాట్లాడతారు. మూడు గుంపులు చేయండి, గుంపుకు ఎనిమిది మంది, ఒకదానిలో తొమ్మిది మంది ఉన్నా ఫరవాలేదు. ఒక్కో గుంపుకు నడిపేవాళ్లు ఇద్దరుండాలి: ఒకరు ప్రశ్నలు అడగాలి, ఇంకొకరు మాట్లాడకుండా మనుషుల ముఖాలు చూస్తూ ఉండాలి. ఎవరైనా తల్లడిల్లితే లేచి వాళ్ల పక్కకు వెళ్లేది ఈ రెండో మనిషే. ఒక్కరితో నడిపించేద్దామనుకుంటే దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే అడిగే మనిషి చెప్పే మనిషి ముఖం తప్ప ఇంకేమీ చూడలేడు. నడిపేవాళ్లు ఆరుగురు దొరక్కపోతే ఉన్న ఇద్దరే మూడు గుంపులనూ వేరువేరు రోజుల్లో నడపండి.

గుంపులు విడదీసేటప్పుడు ఒకరి మీద ఒకరికి అధికారం ఉన్నవాళ్లను ఒకేచోట పెట్టకండి. యజమాని, ఆయన దగ్గర పనిచేసే మనిషి, అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, అత్త, కోడలు. ఎదురుగా ఉంటే ఇద్దరిలో ఒకరు తప్పకుండా అబద్ధం చెబుతారు, లేదా నోరు మెదపరు. సాయం పంచే పనిలో ఉన్నవాళ్లు గుంపులో ఉంటే కథలన్నీ అర్జీలుగా మారిపోతాయి. వాళ్లను ఇందులోకి రానివ్వకండి.

నిడివి గంటన్నర మించనివ్వకండి. మొదటి పది నిమిషాలు కట్టుబాట్లు చెప్పడానికి. తర్వాత నలుగురు చెబుతారు, ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు: ఏడు నిమిషాలు చెప్పడానికి, ఐదు నిమిషాలు విన్నవాళ్లు పలకడానికి. ఇద్దరి తర్వాత ఏడు నిమిషాల విరామం. ఆఖర్న పదిహేను నిమిషాలు విన్నవాటిలో పనికొచ్చేవి కాగితం మీద పెట్టడానికి, పది నిమిషాలు ముగింపుకు. అందరి చేతా చెప్పించాలని చూడకండి, మిగిలిన నలుగురికి వచ్చే వారం ఉంది. చెప్పేవాళ్లను ముందురోజే అడిగి ఒప్పించుకోండి. అప్పటికప్పుడు "మీరు చెప్పండి" అని వేలు చూపిస్తే ఆ మనిషి మళ్లీ రాడు.

కట్టుబాట్ల విషయంలో బ్రెజిల్ నుంచి నేర్చుకోవలసింది ఉంది. ఫోర్టలేజా నగరంలో పిరాంబు అనే మురికివాడలో అడల్‌బెర్టో బరెటో అనే మానసిక వైద్యుడు 1980లలో సాముదాయిక చికిత్స పేరుతో ఇలాంటి కూడికలు మొదలుపెట్టాడు. అవి తర్వాత బ్రెజిల్ అంతటా పాకాయి. అక్కడి పద్ధతులు చాలా సూటిగా ఉంటాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఎవరైనా "నేను" అనే మాట్లాడాలి, "మనుషులన్నాక", "ఎవరికైనా సరే" అంటూ లోకం మీద పెట్టకూడదు. సలహాలివ్వకూడదు, నీతులు చెప్పకూడదు. సామెతో పాటో గుర్తొస్తే పాడొచ్చు. అన్నిటికన్నా అసలైనది వాళ్లు గుంపును అడిగే ప్రశ్న: "ఇలాంటిది మీలో ఎవరికి ఎదురైంది, దాన్ని దాటడానికి ఏం చేశారు?" ఒకరి కష్టం మీద పదిమంది తీర్పు చెప్పే బదులు, పదిమంది తమ తమ దారులు చూపిస్తారు. వాటిలో తనకు నప్పేది ఆ మనిషే ఏరుకుంటాడు.

సలహాల మీద నిషేధం పెట్టడం తేలికే, అమలు చేయడం కష్టం. మనవాళ్లకు సలహా ఇవ్వకుండా ఉండటమంటే ఊపిరి బిగబట్టడమే. "నువ్వు ఇలా చేసుండాల్సింది" అని ఎవరైనా మొదలుపెట్టగానే నడిపే మనిషి ఒక్క వాక్యంతో ఆపాలి: "మీకు అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి." చెప్పగలిగితే అది కథ అవుతుంది. చెప్పలేకపోతే సలహా అక్కడే ఆగిపోతుంది.

అసలైన నేర్పు అంతా అడగడంలో ఉంది. "మీరేం చేశారు" అంటే పదిలో తొమ్మిది మంది "ఏముంది, ఏమీ చేయలేదు" అంటారు. అక్కడ వదిలేస్తే కూడిక చచ్చిపోతుంది. పెద్ద ప్రశ్న పనిచేయనప్పుడు చేతికి, కంటికి అందే చిన్న ప్రశ్నలకు దిగాలి. ఒకాయనతో మాట ఇలా సాగిందనుకోండి:

"నేనేం చేశాను, భయపడి మిద్దె మీద కూర్చున్నా."
"పైకి ఎక్కేటప్పుడు చేతిలో ఏముంది?"
"టార్చిలైటు. పాప మందుల డబ్బా."
"అంత హడావుడిలో మందుల డబ్బా ఎలా గుర్తొచ్చింది?"
"పాపకు ఉబ్బసం. అది లేకపోతే రాత్రి గడవదు."
"టార్చిలైటు ఇంకెవరికైనా పనికొచ్చిందా?"
"పక్క మిద్దె మీద ముసలాయన ఒక్కడే ఉన్నాడు. గంటకోసారి వెలిగించేవాణ్ణి, ఆయన చెయ్యెత్తుతాడేమో చూడటానికి."

ఏమీ చేయలేదన్న మనిషి రాత్రంతా ఒక ముసలాయనకు కాపలా కాశాడు. తనకే ఆ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు. ఎవరూ పొగడలేదు, ఎవరూ ధైర్యం చెప్పలేదు, వరుసగా మూడు చిన్న ప్రశ్నలు అడిగారంతే. అందుకే చేతిలో ఏముంది, ముందు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరిని తలచుకున్నారు, తెల్లారాక మొదట చేసిన పనేమిటి లాంటి ప్రశ్నలు ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి. "మీకెలా అనిపించింది" అన్నది మాత్రం ఆ చీటీలో ఉండకూడదు. అనిపించింది చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు.

చెప్పడం అయ్యాక ఐదు నిమిషాలు విన్నవాళ్లవి. ఇక్కడ జనం చప్పట్లు కొడతారు, "మీరు చాలా గొప్పవారండీ" అంటారు. రెండూ వద్దు. పొగడ్త ఆ మనిషిని అరుగు మీద ఎక్కించి కూర్చోబెడుతుంది. తర్వాత ఆయన ఏడవడానికీ ఉండదు, వినేవాళ్లు అది తమవల్ల అయ్యే పని అనుకోవడానికీ ఉండదు. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ వైట్ కథన చికిత్సలో వినేవాళ్ల కోసం నాలుగు ప్రశ్నల వరుస ఒకటి పెట్టాడు. నేను చూసిన పద్ధతుల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. విన్నవాటిలో మీ చెవిన నిలిచిపోయిన మాట ఏది? అది వింటే ఆ మనిషి గురించి, ఆయనకు ముఖ్యమైనదాని గురించి మీ కళ్లముందు ఏం మెదిలింది? అది మీకే ఎందుకు తగిలింది, మీ బతుకులో దేన్ని తాకింది? విన్నాక మీకు ఏం తోస్తోంది, ఏం చేయాలనిపిస్తోంది? టార్చిలైటు కథ విన్న ఒకావిడ "గంటకోసారి అన్న మాట పట్టుకుంది నన్ను. మా పక్కింట్లో కూడా ఒంటరిగా ఒకామె ఉంది. ఇవాళ వెళ్లేటప్పుడు తలుపు తడతా" అంటే ఆ కథ పని చేసినట్టే. ఇద్దరు పలికితే చాలు, అందరూ పలకనక్కర్లేదు. ఆఖర్న చెప్పిన మనిషికే మళ్లీ ఒక నిమిషం ఇవ్వండి, ఇవన్నీ వింటే ఏమనిపించిందో చెప్పడానికి. ఈ నిమిషం వదిలేస్తే ఆయన కథ ఇతరుల చేతుల్లో ఉండిపోతుంది.

చెడిపోయే దారులు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలాంటివి కావు. అన్నిటికన్నా ప్రమాదం వీరగాథ. ఈతకొట్టి నలుగురిని కాపాడిన మనిషి ముందుగా చెబితే మిగతావాళ్ల కథలన్నీ వెలవెలబోతాయి. అలాంటి కథ ఉంటే మూడో స్థానంలో పెట్టండి, దానికీ చిన్న ప్రశ్నలే వేయండి: తాడు ఎవరిది, ఎవరు పట్టుకున్నారు, దిగేముందు ఎవరు వద్దన్నారు. అప్పుడు వీరుడొక్కడే కాకుండా తాడు పట్టుకున్న నలుగురూ కథలోకి వస్తారు. మామూలు మనుషులు తమను పోల్చుకునేది ఆ నలుగురితోనే.

రెండోది బలవంతపు ఆశ. "అంతా మన మంచికే", "దేవుడు పరీక్షిస్తున్నాడు" లాంటి మాటలు బిడ్డను పోగొట్టుకున్న మనిషి ముందు అనకూడదు. అంతా సుఖాంతమైన కథ కూడా అంతే హాని చేస్తుంది, విన్నవాళ్లకు తామే ఓడిపోయామనిపిస్తుంది. అమెరికాలో ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ కుటుంబ కథల మీద పనిచేశారు. తాతముత్తాతల గురించి, అమ్మానాన్నల గురించి ఏం తెలుసో ఇరవై ప్రశ్నలు పిల్లలను అడిగి చూస్తే, ఎక్కువ తెలిసిన పిల్లలు మానసికంగా మరింత నిలకడగా కనిపించారు. "మనవాళ్లు పైకి వచ్చారు, దెబ్బతిన్నారు, మళ్లీ నిలదొక్కుకున్నారు" అని ఎత్తుపల్లాలు రెండూ చెప్పే కథే మేలైనదని వాళ్లు తేల్చారు. ఆ ఇరవై జవాబులూ బట్టీ పట్టిస్తే బలం వచ్చేస్తుందనుకోవద్దని డ్యూకే స్వయంగా హెచ్చరించాడు. కలిసి కూర్చుని చెప్పుకునే అలవాటున్న ఇళ్లలో పిల్లలకు ఆ సంగతులు తెలుస్తాయి, మేలు చేసేది ఆ అలవాటు.

సముదాయానికి ఇదే పని కాలరేఖతో చేయొచ్చు. మూడు మీటర్ల పొడవైన కాగితం గోడకు అంటించి, మధ్యలో అడ్డంగా గీత గీయండి. గీత కింద ఆ చోటు చూసిన ఆపదలు, ఏ సంవత్సరంలో ఏది. గీత పైన ఒక్కో ఆపదలో జనం చేసిన పని: ఎవరు దారి వేశారు, ఎవరి ఇంట్లో తలదాచుకున్నారు, ఏ కట్టుబాటు అప్పుడు మొదలైంది. పెద్దవాళ్లు చెబుతుంటే కుర్రవాళ్లు రాయాలి. గీత కింద ఉన్న ప్రతిదానికీ పైన కనీసం ఒకటైనా దొరికేదాకా అడుగుతూ పోండి. ఒకటి రెండు చోట్ల ఏమీ దొరకదు, ఖాళీగా వదిలేయండి, అబద్ధం రాసి నింపకండి. ఇప్పటి ఆపద కుడివైపు చివర వస్తుంది, దాని పైన చోటు కావాలనే ఎక్కువ ఉంచండి.

మూడోది నింద. ఎవరి నిర్లక్ష్యం వల్ల ఇలా అయిందన్న మాట ఎలాగూ వస్తుంది, రావాలి కూడా. దానికి వేరే రోజు, వేరే సమావేశం పెట్టి తేదీ అక్కడే ప్రకటించండి. తేదీ చెప్పకుండా "ఇప్పుడు కాదు" అంటే నోరు మూయించినట్టే.

శవాలు, గాయాలు, ఆఖరి క్షణాల వర్ణన మొదలైతే మర్యాదగా ఆపాలి: "అది చాలా కష్టమైన దృశ్యం. దాన్ని ఇక్కడ వివరంగా చెప్పుకోవద్దు, తర్వాత మీరేం చేశారో అక్కడినుంచి చెప్పండి." ఆత్మహత్య ఊసు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. ఆస్ట్రియాలో థామస్ నీడర్‌క్రోటెంతాలర్ బృందం 2010లో పత్రికా వార్తలను పరిశీలించి, చావు ఆలోచన వచ్చినా వేరే దారి వెతుక్కుని బయటపడ్డవాళ్ల గురించి రాసిన వార్తల తర్వాత ఆత్మహత్యలు తగ్గడం గమనించింది. మొజార్ట్ సంగీత నాటకంలో చావు ఆలోచన నుంచి బయటపడే పాత్ర పేరు మీద దాన్నే పాపగెనో ప్రభావం అంటారు. ఒకే ఆత్మహత్య గురించి పదేపదే వచ్చిన వార్తల దగ్గర ఇందుకు వ్యతిరేకంగా కనిపించింది. కాబట్టి ఎలా, ఎక్కడ, ఏ చీటీ రాసి అన్న వివరాలు కూడికలో రానివ్వకండి. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేశారు, ఏం ఆపింది అన్నది రానివ్వండి. ఎవరైనా ఇప్పటికీ చావాలనిపిస్తోందంటే కూడిక అయ్యాక ఒంటరిగా పంపకండి. తోడు ఒకరుండాలి, అదే రోజు వైద్యుడి దగ్గరకో సహాయ లైనుకో చేర్చాలి.

మనిషి ఉన్నట్టుండి ఆపలేనంతగా ఏడుస్తూ, వణుకుతూ, ఎటో చూస్తూ ఉండిపోతే కథను అక్కడే ఆపండి. పూర్తి చేయించాలని చూడకండి. నడిపేవాళ్లలో రెండో మనిషి పక్కన కూర్చుని పేరుతో పిలవాలి. పాదాలు నేలకు గట్టిగా ఆనించమనాలి, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పమనాలి. మంచినీళ్లివ్వాలి. అనుమతి అడక్కుండా తాకకూడదు. మామూలు కన్నీళ్లకు ఇవేవీ అక్కర్లేదు, కాసేపు ఆగితే చాలు.

వీళ్లను మాత్రం వైద్యం చేసేవాళ్ల దగ్గరకు పంపాలి: నెల దాటినా పీడకలలు, ఆ సంఘటన మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు అనిపించడం తగ్గనివాళ్లు, తాగుడు పెరిగినవాళ్లు, పనికి, వంటకి, స్నానానికి కూడా లేవలేకపోతున్నవాళ్లు. కూడిక వాళ్లకు తోడుగా ఉంటుంది, వైద్యానికి బదులు రాదు. ఏ వైద్యుడు, ఏ రోజుల్లో, ఎలా వెళ్లాలి అన్నది మొదటి కూడికకు ముందే కనుక్కుని రాసిపెట్టుకోండి.

మాట్లాడటం చేతకానివాళ్లకు రాయడం ఒక దారి. 1986లో జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమను బాగా కలచివేసిన అనుభవం గురించి రాయించారు. సంఘటనతో పాటు మనసులో మెదిలింది కూడా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు బరువెక్కింది, అది ముందే చెప్పాలి. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూస్తే మేలు ఉందని తేలింది కానీ అది సగటున చిన్నదే. ఇందులో అడిగేది పడ్డ బాధనే కాబట్టి కొత్తగా దెబ్బతిన్నవాళ్ల చేత మొదటి వారాల్లో చేయించకండి. రాసింది ఎవరికీ చూపించాల్సిన పనిలేదు, చించేసినా సరే. రాస్తూ తట్టుకోలేనంత అనిపిస్తే అంశం మార్చాలి, లేదా ఆపేయాలి.

పిల్లలను పెద్దవాళ్ల కూడికలో కూర్చోబెట్టకండి. వాళ్లకు బతుకు చెట్టు అనే బొమ్మ గీసే పద్ధతి ఉంది. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలో హెచ్‌ఐవీ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం ఎన్కజెలో ఎన్కూబే, డేవిడ్ డెన్‌బరో దాన్ని రూపొందించారు. చెట్టు వేళ్లు ఎక్కడినుంచి వచ్చామో చెబుతాయి, నేల రోజూ చేసే పనులు, కాండం తనకు వచ్చిన విద్యలు, కొమ్మలు ఆశలు, ఆకులు తన మనుషులు, వాళ్లలో చనిపోయినవాళ్లు కూడా ఉండొచ్చు, కాయలు ఇతరులు తనకు ఇచ్చినవి. చెట్లన్నీ గోడకు అంటిస్తే అడవి అవుతుంది. ఆ తర్వాతే గాలివానల గురించి మాట్లాడతారు, గాలివాన వస్తే అడవిలో జంతువులు ఏం చేస్తాయని. ఈ క్రమం తలకిందులు చేసి గాలివానతో మొదలుపెడితే పద్ధతి మొత్తం పాడైపోతుంది. కాలు మోపడానికి గట్టి చోటు దొరికాకే పిల్లవాడు వెనక్కి తిరిగి చూడగలడు.

ఆఖరి పదిహేను నిమిషాల్లో కాగితం మీద పెట్టే పని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే కథ గాలికి పోతుంది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా 2006లో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి స్నేహపు బెంచీ మొదలుపెట్టాడు. ఆ బెంచీ మీద వినడంతో పని ఆగదు. వచ్చిన మనిషి తన సమస్యలన్నీ చెప్పాక వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటాడు, దానికి చేయగలిగిన ఒక పని ఏమిటో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. 2016లో అచ్చయిన ప్రయోగంలో 573 మంది మీద పరీక్షించి చూస్తే, బెంచీ దగ్గరకు వచ్చినవాళ్లలో ఆరు నెలల తర్వాత కుంగుబాటు, ఆందోళన లక్షణాలు మామూలు సాయం అందినవాళ్లకన్నా బాగా తగ్గాయి. మీరూ ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: పరిస్థితి, చేసిన పని, తోడొచ్చినవాళ్లు, ఈ వారం మనం చేయగలిగింది. టార్చిలైటు కథ నాలుగో గడిలో "ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల జాబితా, ఒక్కొక్కరికి ఇద్దరు పొరుగువాళ్లు" అవుతుంది. ఎవరు చేస్తారో పేరు రాయకపోతే ఆ గడి నింపనట్టే లెక్క.

ఈ నోట్‌బుక్‌లో చెప్పినవాళ్ల పేర్లు వద్దు. ఫోన్లు మూసి బుట్టలో పెట్టించండి. కూడికలో విన్నది గ్రూపు మెసేజీల్లో కనిపించిన రోజే మీ పని ముగుస్తుంది. ఎవరి కథైనా రాసిపెట్టాలనుకుంటే మూడుసార్లు అడగాలి: చెప్పేముందు, రాసింది చదివి వినిపించాక, బయటకు ఇచ్చేముందు. తేరుకున్నాక మనసు మారుతుంది, అప్పుడు సరే అన్నది ఇప్పుడు వద్దనొచ్చు, వద్దంటే తీసేయాలి. ఆరు కూడికలయ్యాక నోట్‌బుక్ లోంచి "రాత్రిళ్లు గడపడానికి మేం చేసినవి", "ఆకలి రోజుల్లో పంచుకున్న తీరు" లాంటి శీర్షికల కింద రెండు మూడు పేజీలు కూర్చి, అందరి ముందూ పైకి చదవండి. ఇంకెక్కడో అలాంటి ఆపదలోనే ఉన్నవాళ్లకు అది పంపొచ్చు. వాళ్ల జవాబు వస్తే అదీ చదివి వినిపించండి. తమ కష్టం ఇంకొకరికి అక్కరకొచ్చిందని తెలిస్తే ముఖాల్లో వచ్చే మార్పు మీకే కనిపిస్తుంది.

మొదట ఆరు వారాలకే పెట్టుకోండి, వారానికొకటి. ఆపే తేదీ మొదటి రోజే చెబితే జనం వస్తారు, ఎప్పటికీ సాగుతుందంటే రారు. ఆరోదాని తర్వాత కావాలన్నవాళ్లు ఉంటే నెలకోసారి. హాజరు లెక్క చూసి మురిసిపోకండి, నీరసపడకండి. మొదటి వారం మాట్లాడనివాళ్లు నాలుగో వారంలో ఒక్క మాటైనా అన్నారా, నాలుగో గడిలో రాసిన పనులు జరిగాయా అన్నవి చూడండి.

నడిపేవాళ్ల సంగతి అందరూ మరిచిపోయేది. ప్రతి కూడిక అయ్యాక ఇద్దరూ పదిహేను నిమిషాలు కూర్చుని, ఇవాళ ఏది కష్టంగా అనిపించింది, ఎవరి మీద కన్నేసి ఉంచాలి అని మాట్లాడుకోవాలి. మూడు కూడికలకోసారి అడిగే పని, చూసే పని మార్చుకోండి. వాళ్లకే నిద్ర చెడితే, ఎవరి కథో రాత్రిళ్లు వదలకపోతే ఒక వారం వేరే మనిషిని పెట్టి వాళ్లను పక్కన కూర్చోనివ్వండి. ఆ ఆపదలోనే దెబ్బతిన్న మనిషి నడిపితే ఇది త్వరగా వస్తుంది కాబట్టి, మూడో మనిషిని మొదటి వారం నుంచే తయారుచేసుకుంటూ ఉండండి.